మెయిల్ ప్రోగ్రాం నుంచి ఎడిటర్‌ను తెరవడం: నేరుగా కమాండు చాలా, షెల్ స్క్రిప్టు కావాలా?

టెర్మినల్‌లో నడిచే మట్ (Mutt) అనే మెయిల్ ప్రోగ్రాంలో కొత్త ఉత్తరం మొదలుపెట్టినప్పుడు తెర వెనుక జరిగే పని చాలా చిన్నది. ప్రోగ్రాం ముందుగా ఒక తాత్కాలిక ఫైలును సృష్టిస్తుంది. జవాబు రాస్తున్నట్లయితే అవతలివారి మాటలను వరుస వరుసకూ ముందు > గుర్తు పెట్టి అందులో నింపుతుంది. తరువాత ఆ ఫైలు పేరును మీరు చెప్పిన ఎడిటర్ కమాండుకు జోడించి, కమాండులను నడిపే షెల్‌కు అప్పగిస్తుంది. ఆ కమాండు ముగిసేదాకా ఆగి, ముగిసిన వెంటనే ఫైలును తిరిగి చదువుకొని, ఉత్తరాన్ని పంపాలా వద్దా అని మిమ్మల్ని అడుగుతుంది. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంలో ఉత్తరం రాసే ఎడిటర్ అంటూ విడిగా లేదనే చెప్పవచ్చు. ఆ పనిని మీకు అలవాటైన ఎడిటర్‌కే వదిలేస్తుంది. రోజంతా విమ్‌లోనో ఈమాక్స్‌లోనో గడిపే మనిషికి ఉత్తరాన్ని కూడా అదే చేతివాటంతో రాయగలగడం ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి అలవాటు చేసుకున్నవారికి తెలుస్తుంది.

ఎడిటర్‌ను ఇలా జత చేయడానికి నాలుగు దారులున్నాయి. మొదటిది, షెల్‌లో విజువల్ (VISUAL), ఎడిటర్ (EDITOR) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లలో, అంటే షెల్ నుంచి నడిచే ప్రోగ్రాంలు చూసుకునే పేరున్న విలువలలో, ఎడిటర్ పేరు పెట్టి ఊరుకోవడం. రెండవది, మెయిల్ ప్రోగ్రాం సెట్టింగుల్లోనే పూర్తి కమాండును రాయడం. మూడవది, మధ్యలో ఒక చిన్న షెల్ స్క్రిప్టును (కమాండులు వరుసగా రాసిన ఫైలును) నిలబెట్టి, మెయిల్ ప్రోగ్రాం ఆ స్క్రిప్టును, స్క్రిప్టు ఎడిటర్‌ను పిలిచేలా చేయడం. నాలుగవది, థండర్‌బర్డ్ వంటి వాటిలో యాడ్-ఆన్ పెట్టుకోవడం. నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామందికి రెండవ దారి సరిపోతుంది. స్క్రిప్టు రాయడానికి స్పష్టమైన కారణం ఉన్నప్పుడే రాయాలి, రాస్తే పది పన్నెండు వరుసలకు మించకుండా చూసుకోవాలి. అయితే ఏ దారిని ఎంచుకున్నా ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మీరిచ్చే కమాండు, మీరు ఉత్తరం రాయడం పూర్తయ్యేదాకా ఆగుతుందా, లేక వెంటనే తిరిగివస్తుందా అన్నదే అది.

ఆగే కమాండు, ఆగని కమాండు

టెర్మినల్‌లో నడిచే విమ్, నానో వంటివి సహజంగానే ఆగుతాయి, ఎందుకంటే అవి టెర్మినల్‌ను తమ అధీనంలోకి తీసుకుంటాయి. విడి కిటికీలో తెరుచుకునే ఎడిటర్లతోనే చిక్కు వస్తుంది. జీవిమ్ కిటికీని తెరిచి, తాను వెనక్కి తప్పుకొని, పిలిచిన ప్రోగ్రాంకు పని అయిపోయినట్లు కబురు పంపుతుంది. విజువల్ స్టూడియో కోడ్, సబ్‌లైమ్ టెక్స్ట్, జీఎడిట్ వంటివి ఇప్పటికే ఒక కిటికీ తెరిచి ఉంటే ఫైలును దానికి అందించి తప్పుకుంటాయి. అప్పుడు మెయిల్ ప్రోగ్రాం ఫైలును చూస్తుంది, అందులో ఏ మార్పూ కనిపించదు, కాబట్టి ఉత్తరాన్ని రద్దు చేసి తాత్కాలిక ఫైలును తీసేస్తుంది. మీరు మాత్రం తెరిచి ఉన్న కిటికీలో నిశ్చింతగా రాస్తూనే ఉంటారు.

ఇది నాకు స్వయంగా జరిగింది. ఒక సుదీర్ఘమైన జవాబును దాదాపు ముప్పావు గంట కూర్చొని రాసి, సేవ్ చేసి, కిటికీ మూసి, మెయిల్ ప్రోగ్రాంకు తిరిగి వస్తే, ఉత్తరంలో మార్పేమీ లేదు కనుక రద్దు చేశానన్న సందేశం తెర అడుగున కనిపించింది. అదృష్టవశాత్తూ, తొలగించిన ఫైలు పేరుతోనే ఎడిటర్ మళ్లీ కొత్త ఫైలును సృష్టించి అందులో సేవ్ చేసింది కాబట్టి, తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలో వెతికితే రాసినదంతా దొరికింది. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయకముందే అక్కడ వెతకండి, ఎందుకంటే చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఆ డైరెక్టరీ రీస్టార్ట్‌తో ఖాళీ అవుతుంది.

దీనికి మందు ప్రతి ఎడిటర్‌లోనూ ఉంది, పేర్లే వేరు. జీవిమ్‌కు హైఫన్ ఎఫ్ అనే ఆప్షన్ ఇవ్వాలి. విజువల్ స్టూడియో కోడ్‌కు, సబ్‌లైమ్‌కు, జీఎడిట్‌కు రెండు హైఫన్ల తరువాత వెయిట్ అని రాయాలి. కేట్ అనే ఎడిటర్‌కు అలాగే బ్లాక్ అని రాయాలి. మాక్‌లో ఓపెన్ కమాండు ద్వారా ఎడిటర్‌ను తెరిచేవారు పెద్ద అక్షరం డబ్ల్యూతో హైఫన్ డబ్ల్యూ ఇవ్వాలి, కానీ అది ఫైలు మూసేదాకా కాక ఆ అప్లికేషన్ మొత్తం మూతపడేదాకా ఆగుతుందని గుర్తుంచుకోవాలి. నడుస్తున్న ఈమాక్స్‌కు ఫైలును అందించే ఈమాక్స్‌క్లయంట్ తనంతట తానే ఆగుతుంది; కంట్రోల్ ఎక్స్ నొక్కి హాష్ నొక్కితే ఉత్తరం పూర్తయిందని మెయిల్ ప్రోగ్రాంకు తెలుస్తుంది. దానికి హైఫన్ ఎన్ ఇస్తే మాత్రం ఆగదు, కాబట్టి మరెక్కడినుంచో నకలు తీసిన కమాండులో ఆ ఆప్షన్ ఉందేమో చూసుకోవాలి. కొత్త టెర్మినల్ కిటికీలో విమ్‌ను తెరవాలనుకునేవారికీ ఇదే సమస్య ఎదురవుతుంది. ఎక్స్‌టెర్మ్ ఆగుతుంది, గ్నోమ్ టెర్మినల్ మాత్రం కిటికీని తన సర్వర్‌కు అప్పగించి వచ్చేస్తుంది, కాబట్టి దానికి కూడా వెయిట్ ఆప్షన్ తప్పనిసరి. కొత్త మట్ వెర్షన్లలో బ్యాక్‌గ్రౌండ్ ఎడిట్ అనే సెట్టింగు వచ్చింది. దానివల్ల ఒక ఉత్తరం రాస్తూనే మెయిల్‌బాక్సును తిరగేయవచ్చు. అయితే అది కూడా ఎడిటర్ కమాండు ఆగుతుందన్న లెక్క మీదే నడుస్తుంది.

వేరియబులా, సెట్టింగా?

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పద్ధతిలో ఉన్న సుఖం, ఒక్కచోట చెబితే మట్‌తో పాటు గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం), క్రాన్‌టాబ్ వంటి ప్రోగ్రాంలన్నీ అదే ఎడిటర్‌ను తెరుస్తాయి. మట్‌లో ఎడిటర్ సెట్టింగు ఖాళీగా ఉంటే అది విజువల్‌ను, అది లేకపోతే ఎడిటర్ వేరియబుల్‌ను చూస్తుంది, రెండూ లేకపోతే వీఐకి వెళుతుంది. కానీ ఉత్తరాలకు కావలసిన ప్రత్యేక ఏర్పాట్లు గిట్ సందేశాలకు అక్కరలేదు. అందువల్ల మెయిల్‌కు విడిగా సెట్టింగులోనే రాయడం మేలని నాకనిపిస్తుంది. మరొక ఇబ్బంది కూడా ఉంది. డెస్క్‌టాప్ మెనూ నుంచి తెరిచిన ప్రోగ్రాంలు సాధారణంగా మీ షెల్ అయిన బాష్ సెట్టింగుల ఫైలును (.bashrc) చదవవు, కాబట్టి అందులో పెట్టిన వేరియబుల్ గానీ, సొంత బిన్ డైరెక్టరీ దారి గానీ వాటికి తెలియవు. టెర్మినల్‌లో చక్కగా పనిచేసిన ఏర్పాటు క్లాస్ మెయిల్, కేమెయిల్ వంటి కిటికీ మెయిల్ ప్రోగ్రాంలలో పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అక్కడ ఎడిటర్‌కు గానీ, స్క్రిప్టుకు గానీ పూర్తి దారి రాయాలి.

సెట్టింగులో కమాండు రాసేటప్పుడు ఫైలు పేరు ఎక్కడికి రావాలో చెప్పే గుర్తు ప్రోగ్రాంను బట్టి మారుతుంది. మట్‌లోనూ క్లాస్ మెయిల్‌లోనూ అది శాతం గుర్తు పక్కన ఎస్; మట్‌లో దాన్ని రాయకపోతే ఫైలు పేరు చివర చేరుతుంది. కేమెయిల్‌లో శాతం గుర్తు పక్కన ఎఫ్. ఎవల్యూషన్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఎక్స్‌టర్నల్ ఎడిటర్ ప్లగిన్‌ను ముందుగా ఆన్ చేయాలి. జీవిమ్‌కు హైఫన్ ఎఫ్ ఇవ్వాలని ఆ ప్లగిన్ సెట్టింగుల తెర మీదే సూచన ఉంటుంది. ఆల్పైన్ అనే టెర్మినల్ మెయిల్ ప్రోగ్రాంకు పైకో అనే సొంత ఎడిటర్ ఉంది కనుక, బయటి ఎడిటర్‌ను అనుమతించే ఆప్షన్‌ను సెట్టింగుల్లో ఆన్ చేసుకొని, రాస్తుండగా కంట్రోల్‌తో అండర్‌స్కోర్ నొక్కాలి. అప్పుడు ఉత్తరం ఒళ్లు (అసలు పాఠం) మాత్రమే బయటి ఎడిటర్‌కు వెళుతుంది, చిరునామాలు ఆల్పైన్ దగ్గరే ఉంటాయి. మట్‌లోనైతే ఎడిట్ హెడర్స్ అనే సెట్టింగును ఆన్ చేస్తే చిరునామాలు, సబ్జెక్టు కూడా ఫైలు పైభాగంలో కనిపిస్తాయి, వాటికీ ఒళ్లుకూ మధ్య ఒక ఖాళీ వరుస ఉంటుంది. పంపబోయే ముందు చిరునామాను కళ్లారా చూసుకొనే అలవాటు ఉన్నవారికి నేను మట్ పద్ధతినే సూచిస్తాను.

స్క్రిప్టు ఎప్పుడు అవసరమవుతుంది?

కొటేషన్ గుర్తుల చిక్కు మొదటి కారణం. మట్ తన సెట్టింగుల ఫైలులో కొటేషన్లను ఒకసారి విప్పుతుంది, ఆ తరువాత కమాండును షెల్‌కు ఇస్తుంది కనుక షెల్ మళ్లీ విప్పుతుంది. ఉదాహరణకు, ఈమాక్స్ సర్వర్ నడుస్తూ లేకపోతే తానే ప్రారంభించమని ఈమాక్స్‌క్లయంట్‌కు చెప్పాలంటే హైఫన్ ఎ తరువాత ఖాళీ కొటేషన్లు ఇవ్వాలి. ఆ ఖాళీ కొటేషన్లను రెండు పొరల గుండా క్షేమంగా దాటించడం కంటే, ఆ ఒక్క వరుసను స్క్రిప్టులో పెట్టి, మట్‌కు స్క్రిప్టు పేరు ఇవ్వడం తేలిక. సరిదిద్దవలసి వచ్చినప్పుడు మెయిల్ ప్రోగ్రాంను మూసి తెరవనవసరం లేకపోవడం అదనపు లాభం.

రెండవ కారణం, ఒకే మనిషి రెండు చోట్ల నుంచి పనిచేయడం. బల్ల ముందు కూర్చున్నప్పుడు కేట్ కిటికీ కావాలి, ఇంటినుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌ను టెర్మినల్‌లో వాడుకొనే పద్ధతి) ద్వారా వచ్చినప్పుడు టెర్మినల్‌లోనే విమ్ కావాలి. స్క్రిప్టు ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ అనే వేరియబుల్ నిండుగా ఉందా, కిటికీలు ఏ తెర మీద తెరవాలో చెప్పే డిస్‌ప్లే గానీ వేలాండ్ డిస్‌ప్లే గానీ ఉందా అని చూసి నిర్ణయిస్తుంది. ఇంతవరకు సులువే. కానీ టెర్మినల్ మూసినా అందులోని ప్రోగ్రాంలను నడిపిస్తూ ఉంచే టీమక్స్‌ను (tmux) మీరు వాడుతుంటే ఒక మెలిక ఉంది. పొద్దున బల్ల దగ్గర తెరిచిన టీమక్స్ గదిలో (సెషన్‌లో) మట్ నడుస్తోందనుకోండి, సాయంత్రం ఇంటినుంచి అదే గదిలోకి వస్తే, మట్ దగ్గర ఉన్నవి పొద్దుటి వేరియబుళ్లే. జవాబు మీట నొక్కితే ఎడిటర్ ఖాళీ ఆఫీసు గదిలోని మానిటర్ మీద తెరుచుకుంటుంది, ఇంట్లో ఉన్న తెర మాత్రం కదలకుండా నిలిచిపోతుంది. టీమక్స్ తన సొంత పట్టికలో ఈ వేరియబుళ్లను మళ్లీ చేరినప్పుడల్లా తాజా చేస్తుంది గానీ, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాంలకు వాటిని అందించలేదు. కాబట్టి స్క్రిప్టు తన వేరియబుళ్లను నమ్మకుండా, టీమక్స్ షో-ఎన్విరాన్‌మెంట్ కమాండుతో ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ విలువను అడగాలి. ఈ ఒక్క వరుస కోసమైనా స్క్రిప్టు రాయడం సార్థకమని నేను గట్టిగా చెబుతాను.

మూడవది, ఎడిటర్ తెరవకముందే ఉత్తరాన్ని కొంత శుభ్రం చేయాలనుకోవడం. రెండు హైఫన్లు, ఒక ఖాళీతో మొదలయ్యే అవతలివారి సంతకాన్ని తీసేయడం, కర్సర్‌ను హెడర్ల కింది ఖాళీ వరుస దగ్గర నిలపడం వంటివి ఇందులోకి వస్తాయి. రెండవ పని నిరపాయమైనది. మొదటి ఖాళీ వరుస ఎన్నవదో వెతికే కమాండైన గ్రెప్‌తో కనుక్కొని, ఆ సంఖ్య ముందు కూడిక గుర్తు పెట్టి, అంటే +8 లాగా, విమ్‌కు గానీ నానోకు గానీ ఇస్తే చాలు. మొదటి పనిలో మాత్రం పైకి కనిపించని ప్రమాదం ఉంది. ఉత్తరంలో మార్పు జరిగిందా లేదా అన్నది మట్ ఫైలులోని మాటలను పోల్చి తేల్చదు, ఫైలు చివరిసారి మారిన సమయాన్ని చూసి తేలుస్తుంది. మీ స్క్రిప్టు, పాఠాన్ని మార్చే సెడ్ కమాండుతో సంతకాన్ని తీసేసిన క్షణమే ఆ సమయం మారిపోతుంది. ఆపైన మీరు మనసు మార్చుకొని ఏమీ రాయకుండా ఎడిటర్ మూసినా, మట్ దాన్ని రాసిన ఉత్తరంగానే భావించి పంపే మెనూకు తీసుకువెళుతుంది. దీనికి విరుగుడు టచ్ కమాండు. మార్పుకు ముందు హైఫన్ ఆర్ ఆప్షన్‌తో పాత సమయాన్ని ఒక ఖాళీ ఫైలు మీదికి ఎక్కించి పెట్టుకొని, శుభ్రం చేశాక అదే సమయాన్ని ఉత్తరం ఫైలుకు తిరిగి ఇవ్వాలి. ఆ తరువాతే ఎడిటర్‌ను పిలవాలి. ఇంకొక మాట: ఫైలును వేరే పేరుతో నకలు తీసి దాన్ని తెరవవద్దు. మట్ పెట్టిన పేరును చూసే విమ్ అది మెయిల్ అని గుర్తించి, వరుస పొడవును 72కు సర్దుతుంది, పేరు మారితే ఆ గుర్తింపు పోతుంది.

స్క్రిప్టులో తప్పక పాటించవలసినవి కొద్దే. వచ్చిన ఫైలు పేరును "$1" అనో, వచ్చినవన్నీ "$@" అనో, రెండు వైపులా కొటేషన్లతోనే వాడాలి. ఎడిటర్‌ను పిలిచే చివరి వరుసకు ముందు ఎగ్జెక్ అని చేరిస్తే షెల్ తప్పుకొని ఎడిటర్ దాని స్థానంలోకి వస్తుంది, ఎడిటర్ ఇచ్చే ముగింపు సంఖ్య నేరుగా మెయిల్ ప్రోగ్రాంకు చేరుతుంది. చివర ఆంపర్సాండ్ గుర్తు ఎప్పుడూ పెట్టకూడదు, పెడితే ఆగే ఎడిటర్ కూడా ఆగనిదవుతుంది. హెడర్లలోని సబ్జెక్టును గానీ చిరునామాను గానీ తీసి, ఇచ్చిన మాటలను కమాండుగా నడిపే ఇవాల్‌కు ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాటలు రాసింది మీరు కాదు, ఎవరో బయటివారు.

తెలుగులో ఉత్తరాలు రాసేవారికి

ఎంపిక ఇక్కడ కొంత మారుతుంది, ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. టెర్మినల్ అన్నది సమానమైన గళ్లలో అక్షరాలను పరిచే పద్ధతి. తెలుగు ఒత్తులూ గుణింతాలూ ఆ గళ్లలో ఒదగవు. ‘స్త్రీ’ అనే మాట కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు గుర్తులు. ఎక్స్‌టెర్మ్‌లో అది విడివిడి ముక్కలుగా, కర్సర్ ఎక్కడుందో తెలియని రీతిలో కనిపిస్తుంది. కేట్, జీఎడిట్ వంటివి అక్షరాలను సరిగా కూర్చి చూపిస్తాయి. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 నుంచి అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ తోడ్పాటు ఉండడంతో దాని విడి కిటికీలోనూ తెలుగు చక్కగా ఉంటుంది. కాబట్టి తెలుగు ఉత్తరాలు ఎక్కువగా రాసేవారు టెర్మినల్‌లో మట్ చదువుతూనే, రాయడానికి మాత్రం వెయిట్ లేదా బ్లాక్ ఆప్షన్‌తో కిటికీ ఎడిటర్‌ను పెట్టుకోవాలని నా సలహా.

స్క్రిప్టు రాసే తెలుగువారికి మరొక హెచ్చరిక. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, ‘స్త్రీ’ అనే మాటకు 18 బైట్లు. జవాబులోని పొడవాటి వరుసలను 72 దగ్గర మడవడానికి చాలామంది స్క్రిప్టులో ఫోల్డ్ కమాండును పెడతారు. గ్నూ ఫోల్డ్ చాలా వెర్షన్ల పాటు గుర్తులను కాక బైట్లను లెక్కపెట్టేది. ఇంగ్లిషుకు 72 అంటే 72 అక్షరాలే, తెలుగుకు మాత్రం 24 గుర్తులు. మాటల మధ్య ఖాళీకి ఒక్క బైటే కనుక, కోత సరిగ్గా ఒక గుర్తు మధ్యలో పడవచ్చు. నేను ఒక స్నేహితుడికి పంపిన జవాబులో వరుస చివరా, తరువాతి వరుస మొదటా ప్రశ్నార్థకం ఉన్న నల్లటి గుర్తులు వచ్చింది ఇందుకే. హైఫన్ ఎస్ ఆప్షన్ ఇస్తే ఖాళీల దగ్గరే మడుస్తుంది కాబట్టి గుర్తులు సాధారణంగా తెగవు, కానీ వరుసలు మరీ పొట్టివై చదవడానికి కష్టమవుతాయి. ఈ పనిని స్క్రిప్టుకు ఇవ్వకుండా ఎడిటర్‌కే వదలడం మంచిది. అలాగే భాషను, అక్షరాల పద్ధతిని చెప్పే లాంగ్ (LANG) వేరియబుల్‌లో యూటీఎఫ్-8 లేని చోటునుంచి ఎడిటర్ తెరుచుకుంటే తెలుగు మొత్తం పాడవుతుంది. స్క్రిప్టు మొదట్లోనే ఆ విలువను ఎక్స్‌పోర్ట్ చేయడం ఒక్క వరుస పని.

థండర్‌బర్డ్ సంగతి

థండర్‌బర్డ్‌లో బయటి ఎడిటర్‌కు సొంత సెట్టింగు లేదు. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పాత తరహా యాడ్-ఆన్‌లు ఆగిపోయాయి, కొత్త తరహావి బయటి ప్రోగ్రాంను నేరుగా నడపలేవు. ఎక్స్‌టర్నల్ ఎడిటర్ రివైవ్డ్ అనే యాడ్-ఆన్ ఈ కట్టడిని గౌరవిస్తూ, కంప్యూటర్‌లో విడిగా పెట్టుకునే ఒక సహాయక ప్రోగ్రాం ద్వారా ఎడిటర్‌ను తెరుస్తుంది. రెండు భాగాలనూ విడివిడిగా ఇన్‌స్టాల్ చేయాలి, కొంత ఓపిక కావాలి. ఇప్పటికే థండర్‌బర్డ్‌లో స్థిరపడి, క్యాలెండరూ చిరునామాల పుస్తకమూ అందులోనే ఉన్నవారికి ఆ ఓపిక దండగ కాదు. బయటి ఎడిటర్ కోసమే మెయిల్ ప్రోగ్రాంను కొత్తగా ఎంచుకునేవారికి మాత్రం, కిటికీ ప్రోగ్రాంలలో క్లాస్ మెయిల్‌ను, టెర్మినల్ ప్రోగ్రాంలలో మట్‌ను ముందు పెడతాను. థండర్‌బర్డ్‌లో హెచ్‌టీఎంఎల్ ఉత్తరాన్ని బయటి ఎడిటర్‌లో తెరిస్తే ట్యాగులు కనిపిస్తాయి, కాబట్టి షిఫ్ట్ పట్టుకొని, కొత్త ఉత్తరం తెరిచే రైట్ (Write) బటన్ నొక్కి సాదా పాఠంగా మొదలుపెట్టండి.

ఒకే కంప్యూటర్, ఒకే ఎడిటర్, ఎక్కువగా ఇంగ్లిషు ఉత్తరాలు అయితే మట్ సెట్టింగులో విమ్ అని రాసి వదిలేయండి. కిటికీ ఎడిటర్ కావాలంటే దాని పక్కన ఆగే ఆప్షన్‌ను చేర్చండి. రెండు చోట్ల నుంచి పని, టీమక్స్, లేదా ఉత్తరాన్ని ముందుగా శుభ్రం చేసే అవసరం ఉంటేనే స్క్రిప్టు దాకా వెళ్లండి. రాసిన స్క్రిప్టును మెయిల్ ప్రోగ్రాంకు వెంటనే అప్పగించకండి. ఇంతకుముందు వచ్చిన ఏదైనా తెలుగు ఉత్తరాన్ని ఒక ఫైలుగా సేవ్ చేసి, టెర్మినల్‌లో స్క్రిప్టు పేరు పక్కన ఆ ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కండి. ఎడిటర్ తెరిచి ఉండగా టెర్మినల్ వైపు చూడండి: మళ్లీ ప్రాంప్ట్ కనిపిస్తే స్క్రిప్టు ఆగడం లేదన్నమాట. ఏమీ మార్చకుండా మూసి, ఫైలు సమయం అలాగే ఉందో లేదో ఎల్ఎస్ హైఫన్ ఎల్‌తో చూడండి. తరువాత ఒక్క తెలుగు వాక్యం చేర్చి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చదవండి. ఈ మూడూ సరిగా ఉంటే స్క్రిప్టు పూర్తి దారిని సెట్టింగులో రాసి, మొదటి ఉత్తరాన్ని మీ చిరునామాకే పంపుకోండి.